చేదాకు పరీక్ష

ఒక పెద్ద అడవిలో, అచ్చం మన దగ్గరలాగే, జబ్బులకన్నా జబ్బుల మీద జరిగే మీటింగులే ఎక్కువ.

అక్కడ కొన్ని జంతువులకి దాగుడుజబ్బు ఉండేది. ఒంట్లో చేరిందంటే పోదు. కానీ రోజూ పొద్దుగుంకే వేళ ఒక చేదాకు నమిలితే చాలు, అది గుర్రుపెట్టి నిద్రపోతుంది, మనం హాయిగా తిరగొచ్చు. నమలడం మానేశామో, లేచి కూర్చుంటుంది. ముట్టుకుంటే అంటదు, ఒకే చెలమలో నీళ్లు తాగినా అంటదు.

ఈ సంగతులన్నీ ముళ్లపంది ముత్యాలుకి కొట్టినపిండి. పదేళ్లుగా నములుతోంది. "పాపం, జబ్బుందని నీ దగ్గరికి ఎవరూ రారా?" అని ఎవరైనా జాలిపడితే, "నా ముళ్లు చూసి రారు నాయనా, జబ్బుకి అంత సీను లేదు" అని నవ్వేసేది.

ఆ వేసవిలో ఎలుగుబంటి భల్లయ్య చిక్కి సగమయ్యాడు. ఆర్నెల్ల కిందటే జబ్బు బయటపడినవాడు. చూడగానే ముత్యాలు పరుగున దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆకు నములుతున్నావా లేదా?"

"ఎందుకు నమలను చెల్లీ! ఆస్పత్రిలో వారానికి ఏడాకులిస్తారు. ఆదివారం కూర్చుని ఏడూ ఒక్కసారే లాగించేస్తా. మళ్లీ వారందాకా ఆ చేదు గొడవుండదు."

"ఓరి దేవుడో! రోజుకొకటని ఎవరూ చెప్పలేదా?"

"కాగితం ఇచ్చారమ్మా," అని చెవి వెనక నుంచి తీసిచ్చాడు. 'ప్రతిదిన ఔషధసేవనమున అప్రమత్తత వహించవలెను' అని ఉంది అందులో.

"ఇదేంటని అడక్కపోయావా?"

"అడిగితే మొద్దనుకుంటారని తలూపి వచ్చేశా."

ఆ కాగితం రాసింది ఆస్పత్రి అధికారి నెమలి శిఖామణి. ముత్యాలు వెళ్లి జరిగింది చెబితే ఆయన టపటపా పింఛం విప్పాడు.

"చూశావా, రోగుల్లో ఎంత అజ్ఞానముందో! రేపట్నుంచి పరీక్ష. కాగితం అప్పజెప్పినవాళ్లకే ఆకులు."

మర్నాడు అడవంతా ఆస్పత్రి దగ్గరే ఉంది. జబ్బే లేని చిలకలు ముందు వరసలో నిలబడి, గడగడా అప్పజెప్పేసి, కట్టలకి కట్టలు ఆకులు పట్టుకుపోయాయి. భల్లయ్య 'అప్ర' దగ్గరే ఆగిపోయి చెమటలు కక్కాడు. ముత్యాలు తన మాటల్లో చెప్పింది.

"రోజూ సాయంత్రం ఒకాకు. ఒంట్లో బాగున్నా సరే నమలాలి. ఎప్పుడైనా మర్చిపోతే దాచుకోకుండా వచ్చి ఇక్కడ అడగాలి."

"కాగితంలో లేని మాటలు. సున్నా," అన్నాడు శిఖామణి.

పదేళ్లలో ముత్యాలుకి మొదటిసారి భయమేసింది. ఇంట్లో మూడాకులే ఉన్నాయి. భల్లయ్య దగ్గర ఒక్కటీ లేదు. పంచుకుందామంటే ఇద్దరికీ చాలవు, ఇద్దరి జబ్బూ లేస్తుంది. భయం వెనకాలే కోపం కూడా వచ్చింది, మామూలు కోపం కాదు.

మూడోరోజు ఏనుగు దొర తనిఖీకి వచ్చాడు. "నూటికి నూరుమందికీ అవగాహన కలిగింది దొరా," అని శిఖామణి చిట్టా చూపించాడు. తప్పినవాళ్ల పేర్లు చిట్టాలోంచి కొట్టేశాడు కాబట్టి ఆ మాట నిజమే. చిలకలు కాగితమంతా రాగం తీసి వినిపించాయి. దొర తొండం ఊపుతూ మురిసిపోయాడు.

ముత్యాలు గుంపులోంచి ముందుకొచ్చింది.

"దొరా, పాట బాగుంది గానీ, ఆ చిలకమ్మని ఒక్కాకు నమలమనండి."

చిలక ఒక కొరుకు కొరికింది. "థూ! థూ! ఈ విషం ఎవరు తింటారు?"

"మరి పట్టుకెళ్లిన ఆకులేం చేశావ్?" అన్నాడు దొర.

"గూట్లో పరుచుకున్నాం. మెత్తగా భలే ఉన్నాయి!"

శిఖామణి పింఛం దానంతటదే ముడుచుకుంది.

"ముందు వీళ్లిద్దరికీ ఆకులివ్వు," అన్నాడు దొర. "పరీక్ష మాత్రం ఆపకు. ఇకమీదట చెప్పాల్సింది నువ్వు, మార్కులేసేది భల్లయ్య."

మర్నాడు శిఖామణి బండరాయి ఎక్కి గొంతు సవరించుకున్నాడు. "ఔషధసేవనమున..."

"అర్థం కాలేదు. సున్నా," అన్నాడు భల్లయ్య.

"నియమబద్ధముగా..."

"ఇదీ కాలేదు. సున్నా."

మధ్యాహ్నానికి ఎనిమిది సున్నాలయ్యాయి. ముత్యాలు పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆఖరికి శిఖామణి బండ దిగి, భల్లయ్య పక్కన చతికిలబడ్డాడు.

"అయ్యా, రోజుకొకాకు. పొద్దుగుంకేటప్పుడు. బాగున్నా మానకు. అంతే."

భల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ ముక్క మొదటే చెప్పుంటే నేనిలా అయ్యేవాణ్ణి కాదు కదయ్యా!"

ఆ రోజు శిఖామణికి వచ్చింది ఒకే ఒక్క మార్కు. అది కూడా భల్లయ్య జాలిపడి వేశాడని ముత్యాలు అంటుంది.

ఇందులో నీతి ఏమిటంటే, ఎదుటివాడికి అర్థం కాకుండా మాట్లాడి వాడే మొద్దని ఎన్నాళ్లైనా నెట్టుకురావచ్చు, మార్కులేసే పని మాత్రం వాడి చేతికి పోనివ్వకూడదు.