గెలిచాం అన్నట్టే

శనివారం పొద్దున కోచ్ ఓరిన్ హాస్టెటర్ పెట్టుకున్న పనులు రెండే. కడుపునిండా పాన్‌కేకులు తినడం, ఒక్క ఆటైనా గెలవడం. మొదటిది అయింది.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట జట్టు, ఆ సీజన్‌లో ఆడినవన్నీ ఓడిపోయింది. పూర్వ విద్యార్థుల పండుగ నాడు చేతకాని జట్టును పిలిచి చితక్కొట్టడం ప్రతి కాలేజీకీ ఆనవాయితీ. ఆ ఏడాది చుట్టుపక్కల కాలేజీలన్నీ వీళ్లనే పిలిచాయి. ప్రెసిడెంట్ లెనోర్ మేడమ్ మొదట అది తమ పరపతి అనుకుని మురిసిపోయింది. సంగతి తెలిశాక, ఆ శనివారం సొంత పండుగ నాటి చివరి ఆటైనా గెలవకపోతే ఉద్యోగం లేనట్టేనని కోచ్‌కు చెప్పేసింది. అతని భార్య మార్లిస్ పొద్దున్నే పింగాణీ పళ్లేలకు పాత పేపర్లు చుట్టడం మొదలుపెట్టింది.

"నేనింకా ఓడిపోలేదు కదా," అన్నాడు ఓరిన్.

"అలవాటు కొద్దీ సర్దుతున్నాలే," అంది ఆవిడ.

తీరా చూస్తే, అవతలి జట్టు మాటిమాటికీ బంతి జారవిడుచుకోవడంతో, ఆట కొద్ది సెకన్లలో ముగుస్తుందనగా వీళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. మైకు దగ్గరున్న రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు వాల్డో ఉండబట్టలేక నోరు విప్పాడు.

"మనం గెలిచాం... అన్నట్టే లెక్క."

చివరి రెండు మాటలు బ్యాండు మోతలో కొట్టుకుపోయాయి. గెలిస్తే గోల్‌పోస్టు పీకి నదిలో పారేయడం ఆ ఊరి ఆచారం. ఆ ముచ్చట కోసం ఊరు మొహం వాచి ఉంది. బట్టతలల పూర్వ విద్యార్థులు కూడా మోకాళ్ల నొప్పులు మరచి మైదానంలోకి దూకారు. పోస్టు కూలింది.

ఆట అయిపోలేదన్నాడు రిఫరీ. జనం అల్లరికి శిక్షగా అవతలి జట్టును బాగా ముందుకు జరిపి, మైదానం అవతలి చివరనున్న రెండో పోస్టు వైపు బంతి తన్నుకోమన్నాడు. బంతి ఆ పోస్టు మధ్యనుంచి పోతే మూడు పాయింట్లు, ఆట వాళ్లది. ఓరిన్ పరిగెత్తి వాల్డో దగ్గర మైకు లాక్కున్నాడు.

"బాబ్బాబు, కదలకుండా కూర్చోండి. వాళ్లకిప్పుడు ఆ పోస్టు ఒక్కటే దిక్కు."

జనం మొదటి మాట వదిలేసి రెండో మాట పట్టుకున్నారు. రెండో పోస్టు కూడా నదికి బయల్దేరింది. రిఫరీ విసిగిపోయి ఆట అవతలి జట్టుకు రాసిచ్చేశాడు.

ఓరిన్ తల వేలాడేసుకుని ప్రెసిడెంట్ గదికి వెళ్లాడు. ఆ ఊరు వదిలిపోవాలంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. మేడమ్ మాత్రం నవ్వుతోంది. ఏళ్ల తరబడి కాలేజీ గడప తొక్కని పెద్దమనుషులు నదిలో తడిసి, ఒకరినొకరు కావలించుకుని ఏడ్చి, ఆ బట్టలతోనే వచ్చి కొత్త లైబ్రరీ కట్టిస్తామని మాటిచ్చి వెళ్లారట.

"మీరు ఉండాల్సిందే, ఓరిన్," అంది. "ఇకనుంచి ఏటా రెండు పోస్టులూ పీకిద్దాం. మీరు మాత్రం మధ్యలో గెలిచి పాడుచెయ్యకండి."

కోచ్ మాటిచ్చాడు. అతను నిలబెట్టుకుంటాడని ఊరంతా నమ్మిన మొదటి మాట అదే.