ఐదు కిలోమీటర్ల ఆతిథ్యం

అతిథి దేవుడన్నారు పెద్దలు. ఆ దేవుణ్ణి ఎంత దూరంలో ఉంచితే భక్తి నిలుస్తుందో మాత్రం చెప్పలేదు. రెండువేల ఇరవైలో ఐర్లాండ్ ప్రభుత్వం ఆ లోటు తీర్చింది. ఐదు కిలోమీటర్లు!

ఇంటి నుంచి అంతకు మించి ఎవరూ కదలకూడదని కోవిడ్ నిబంధన వచ్చిన రోజు నుంచీ, నేవన్‌లోని మా ఇంట అతిథి మర్యాదలు ఎన్నడూ లేనంతగా వర్ధిల్లాయి. నేస్‌లో ఉండే సూర్యప్రభ వదినకి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి మరీ పిలిచేదాన్ని. మా ఇళ్ళ మధ్య దూరం అరవై కిలోమీటర్లు. అంటే నా పిలుపుకి పన్నెండు రెట్లు భద్రత!

"ఒక్కసారి వచ్చి నెల్లాళ్ళుండి వెళ్ళండి వదినా! పైగది మీకోసమే ఖాళీగా ఉంచాను."

"రావాలని ప్రాణం కొట్టుకుంటోంది వదినా! రోడ్డు మీద గార్డా పోలీసులు ఆపేస్తారు కదా!"

"పాడు రూల్సు!" అని ఇద్దరం కలిసి ప్రభుత్వాన్ని తిట్టి, హాయిగా ఫోన్ పెట్టేసేవాళ్ళం.

నిజానికి పైగది ఖాళీగా లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నాకంటూ దొరికిన మొదటి గది అది. అంతకుముందు ఆ మంచం మీద మావారి పెదనాన్న కొడుకులు, వాళ్ళ స్నేహితులు, అద్దె ఇల్లు దొరికేదాకా ఉంటామన్న స్టూడెంట్లు వంతులవారీగా గురకపెట్టారు. ఇప్పుడు అందులో నా కుర్చీ, నా పుస్తకాలు, తలుపుకి లోపలివైపు గడియ! ఆ గడియ కోసం నేనెంతకైనా తెగిస్తాను.

తెగించాల్సే వచ్చింది. డిసెంబరులో పండక్కి రాకపోకలు వదులుతున్నామని ప్రభుత్వం ప్రకటించింది. టీవీలో ఆ మాట పూర్తయిందో లేదో, ఫోన్ మోగింది.

"వదినా! బట్టలు సర్దేస్తున్నాం. క్రిస్మస్ సెలవులకి మీ దగ్గరే!"

"అయ్యో, ఎంత చల్లని మాట!" అంటూ, పక్కనే ఉన్న మావారు పురుషోత్తంగారి కాలు తొక్కాను. విషయం గ్రహించి ఆయన దగ్గారు. మామూలు దగ్గా అది! ఖాళీ బిందె మెట్ల మీంచి దొర్లినట్టు!

"ఏమిటా దగ్గు?"

"వాళ్ళ ఆఫీసులో ఎవరికో పాజిటివ్ వచ్చిందట వదినా. ఈయన క్లోజ్ కాంటాక్టు. పధ్నాలుగు రోజులు ఇల్లు కదలకూడదు!"

మార్చి నుంచీ ఆయన ఆఫీసు మా వంటింటి బల్లేనన్న సంగతి కంగారులో నేను మరిచిపోయాను. ఆవిడా అడగలేదు.

మర్నాడే ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాకు భోజనాల వంతులు పడ్డాయి. సోమవారం పులిహోర, మంగళవారం గుత్తివంకాయ! గుమ్మంలో గిన్నె పెట్టి, బెల్లు కొట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి చెయ్యూపేవారు. కిటికీలోంచి మేమూ నీరసంగా ఊపేవాళ్ళం. వడ్డించే పనిలేదు, మాట్లాడే పనిలేదు. విందంటే అదీ! మా వీధి చివర ఉండే నర్సు లీలారాణి మాత్రం, హాస్పిటల్లో పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చి చేపల పులుసు పెట్టి వెళ్ళింది. ఆ ముద్ద కాసేపు గొంతులో ఆగింది. ముల్లు కాదు. తర్వాత దిగిపోయింది లెండి.

గిన్నె కోసం మళ్ళీ వచ్చినప్పుడు లీలారాణి కిటికీ అవతలి నుంచి మా హాసినిని అడిగింది, "డాడీకి ఎలా ఉందమ్మా?"

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. తెలుగు వింటుంది, జవాబు మాత్రం అచ్చమైన ఐరిష్ యాసలో ఇంగ్లీషులోనే ఇస్తుంది. "హీ ఈజ్ గ్రాండ్, పర్ఫెక్ట్లీ ఫైన్! మై ట్రాంపొలీన్ మీద జంపింగ్!" అని ఆంటీ కోసం కాస్త తెలుగు కూడా కలిపింది.

"ఊపిరితిత్తులకి మంచిదని!" అన్నాను. లీలారాణి మాస్కు వెనక నవ్విందో ఆవలించిందో తెలియలేదు.

పదిహేనో రోజు ఉదయం బెల్లు మోగింది. గిన్నె వచ్చిందనుకుని తలుపు తీశాను. రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కరు, సూర్యప్రభ వదిన, ఆవిడ వెనక వాళ్ళాయన జానకిరామ్‌గారు!

"లీలారాణికి ఫోన్ చేసి కనుక్కునే వచ్చాం వదినా! పధ్నాలుగు రోజులు గడప దాటనివాళ్ళు! ఈ దేశంలో ఇంతకన్నా భద్రమైన ఇల్లు లేదంది!"

నా అబద్ధమే నా ఇంటికి సర్టిఫికెట్టిచ్చింది! నేను నోరు తెరిచేలోగా సూట్‌కేసులు పైగదికి ఎక్కేశాయి.

మూడు రోజులకని వచ్చారు. ఈలోగా కేసులు పెరిగాయి, మళ్ళీ అన్నీ మూశారు. మళ్ళీ ఐదు కిలోమీటర్లు! సొంతింటికి తిరిగి వెళ్ళడానికి మాత్రం అనుమతి ఉంది. ఆ వాక్యాన్ని మావారు ప్రింటు తీసి, కింద ఎర్రగీత గీసి, ఫ్రిజ్జుకి అంటించారు. పాలకోసం రోజుకి పదిసార్లు ఆ ఫ్రిజ్జు తెరిచే జానకిరామ్‌గారి కంటికి అది ఆనలేదు.

మార్చి నెలాఖరు వచ్చింది. త్వరలో ఆంక్షలు వదులుతారని వార్తలు. పెసరట్లు వేస్తూ ధైర్యం చేశాను. "మూడు నెలలు ఇల్లు మూసి ఉంచితే ఈ చెమ్మకి గోడలు బూజు పట్టవూ వదినా?"

"పట్టనీండి! అసలు మేం వచ్చిందే ఇంట్లో లేకుండా పోవాలని. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా కోటేశ్వరి పిన్ని లేదూ? మాటవరసకి 'రా పిన్నీ, నెల్లాళ్ళుండు' అంటూండేదాన్ని. డిసెంబరులో దార్లు వదలగానే పెట్టె సర్దేసింది! మర్యాదకి పిలిస్తే నిజంగా వచ్చేస్తారా ఎవరైనా? కాస్త ఇంగితం ఉండొద్దూ?" అంటూ మూడో పెసరట్టు కోసం పళ్ళెం ముందుకి జరిపింది.

"ఉండొద్దూ మరి!" అన్నాను, అట్లకాడతో అట్టుని గట్టిగా నొక్కుతూ.

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. పిన్నే! వదిన ఫోన్ని అరచేత్తో మూసి, బల్ల దగ్గర ఆఫీసు పని చేసుకుంటున్న మావారివైపు తిరిగింది.

"అన్నయ్యగారూ! ఆ డిసెంబరు దగ్గు ఒక్కసారి దగ్గండి. మావారికి అంత బాగా రాదు!"

వద్దని కళ్ళతో సైగ చేశాను. కానీ ఆయన ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే లేదనే మనిషి కాదు. బిందె మళ్ళీ మెట్ల మీంచి దొర్లింది.

"విన్నావా పిన్నీ? మేం క్లోజ్ కాంటాక్టులం. ఇంకో పధ్నాలుగు రోజులు ఈ ఇల్లు కదలకూడదు!" అంటూ వదిన ఫోనూ పెసరట్టూ పట్టుకుని మేడెక్కి, పైగదిలో లోపలి గడియ వేసుకుంది.