ఆరని దీపం, ఆగిన మీటరు

ఆ బుధవారం ఉదయం విచియెన్ పెట్టుకున్న పని చిన్నదే. లమ్దువన్ అత్త ఇంట్లో షాకు కొడుతున్న గీజరు బాగుచేసి, పదకొండింటికల్లా నూడుల్స్ తిని ఇంకో ఇంటికి పోవాలి. థాయిలాండ్‌లోని ఆ నకోన్ పథొమ్‌లో అతనంత నిదానమైన ఎలక్ట్రీషియన్ లేడు. మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, టెస్టర్‌తో చూసుకున్నాకగానీ తీగ ముట్టడు. కొందరు దీన్ని పిరికితనం అన్నారు. అలా అన్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు.

మెయిన్ ఆపాడు. ఫ్యాను ఆగింది, రైస్ కుక్కర్ ఆగింది, అత్త నోరు మాత్రం ఆగలేదు. "ఎంతసేపు నాయనా? అన్నం సగంలో ఉంది! పొద్దున మీ మామయ్య కొళాయి తిప్పి ఎగిరి పడ్డాడు, తెలుసా?"

గీజరు తీగకు టెస్టర్ ఆనించాడు. వెలిగింది! విచియెన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బయటికొచ్చి చూస్తే, ముంగిట్లో స్తంభం మీద, ఇంటి నేలను కాచే స్థలదేవత చిన్న గుడిలో ఎర్ర బల్బు దర్జాగా వెలుగుతోంది.

"అత్తా, మెయిన్ ఆపినా ఆ దీపం ఆరలేదు. ఇంకెక్కడి నుంచో తీగ వస్తోంది."

అత్త మొదటి ముక్కే వింది. "అమ్మో! కరెంటు లేకుండా దేవుడు దీపం వెలిగించుకున్నాడు!"

ఎల్లుండే పదహారో తేదీ, లాటరీ తీసే రోజు. మహిమ కనిపించిన చోట గెలిచే అంకె దొరుకుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. పావుగంటలో పూలదండలతో, దేవుడికి పెట్టే ఎర్ర సోడా సీసాలతో సందంతా అక్కడే ఉంది.

"ఆ దీపం ఆరకుండా తీగ ముడితే నేను చస్తాను!" అని విచియెన్ మొత్తుకున్నాడు.

"దీపం ఆర్పితే నేనే చంపుతాను!" అంది అత్త.

అరటిపళ్ళమ్మే ఆవిడ మర్యాదగా అడిగింది: "తమ్ముడూ, షాకు కొడితే సరిగ్గా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో కాస్త చెప్పి పో."

వదిలేసి పోదామంటే మనసొప్పలేదు. ముసలి మామయ్య మళ్ళీ ఆ కొళాయి తిప్పకమానడు. తీగ వెంబడే వెళితే, అది గోడ కింద నుంచి పక్కింటి సనాన్ మాస్టారింట్లోకి దూరింది. ఇల్లు కట్టే రోజుల్లో గుడి దీపానికని మాస్టారు ఇచ్చిన తీగ అది. తర్వాత అందరూ మరిచిపోయారు. గీజరు పెట్టిన మహానుభావుడెవడో ఆ తీగనే గీజరుకీ తగిలించి పోయాడు.

"మాస్టారూ, ఆ దీపం మీ మీటరుది. ఐదు నిమిషాలు ఆపండి."

సనాన్ మాస్టారు మూఢనమ్మకాలు కూడవని ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినవాడు. గోడ మీదుగా తల పెట్టి కేకేశాడు. "విన్నారా! మహిమ మా మీటరుదేనట!"

జనం దండలతో సహా ఇటు దూకారు. మీటరుకు దండ పడింది. కానీ మాస్టారి ఏసీ పుణ్యమా అని చివరి అంకె కదులుతూనే ఉంది. "ఏడు!" "కాదు, ఎనిమిది!" అని కొట్లాట మొదలైంది.

విచియెన్ చిన్నగా దగ్గాడు. "కదిలే అంకె దేవుడిచ్చింది ఎలా అవుతుంది? ఆగిన అంకే కదా అసలుది."

"ఆపండి మాస్టారూ, ఆపండి!" అందరికంటే ముందు అత్తే అరిచింది.

మాస్టారు స్వయంగా మెయిన్ ఆపాడు. బల్బు ఆరింది, ఎవరూ అటు చూడలేదు. ఆగిన మీటరులోని చివరి మూడంకెలు, 407, అందరూ రాసుకుంటూ ఉండగా విచియెన్ ఆ మెయిన్‌కూ తాళం వేసి, టెస్టర్ రెండుసార్లు పెట్టి చూసి, పాత తీగ తెంచి, గీజరు బాగుచేశాడు. ముసలాయన భయపడుతూ కొళాయి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి, అంతే. విచియెన్ ప్రాణం కుదుటపడింది.

శుక్రవారం ఆ అంకె రాలేదు. మీటరు మరీ తొందరపడి ఆపించాడని సందంతా విచియెన్‌ను తిట్టిపోసింది. అతని జేబులోనూ ఒక 407 టికెట్టు ఉంది.