శుద్ధ మాండరిన్ ఛానెల్: నలభై ఏళ్ల ప్రస్థానం

హెషెంగ్ మాండరిన్ వినోద ఛానెల్ నలభై ఏళ్లు పూర్తి చేసుకున్న శుభసందర్భంలో, దాని చరిత్రను గ్రంథస్థం చేసే బాధ్యతను ఉచ్చారణ విభాగాధిపతి జెంగ్ వెన్‌లాంగ్‌కు అప్పగించారు. సింగపూర్‌లో ఇంతకన్నా తగినవాడు దొరకడు. చైనా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో హొక్కియెన్, తియోచూ, కంటోనీస్ అంటూ ఎవరి పలుకు వాళ్లు పలుకుతూ, ఇంట్లో ఒకరి మాట ఒకరికి అర్థమైపోతూ ఉన్న ఆ అస్తవ్యస్త కాలంలో, అందరికీ ఒకే మాండరిన్ అలవాటు చేయడానికి అవతరించిన ఛానెల్ అది.

మొదటి సీరియల్‌లోనే చేపలమ్మేవాడు వార్తలు చదివినట్టు చేపలమ్మాడు. రౌడీలు వ్యాకరణం తప్పకుండా తిట్టుకున్నారు. పడవ మునిగే సీన్‌లో ఒక నటుడు ఊపిరాడక తియోచూలో అమ్మను పిలిచాడు. అది నటన కాదనీ, అతను నిజంగానే మునుగుతున్నాడనీ తర్వాత తెలిసింది. అయినా నియమం నియమమే కదా. పైకి లాగి, తువ్వాలిచ్చి, శుద్ధమైన మాండరిన్‌లో మునిగేదాకా మళ్లీ తీశారు. ఆ ఏడాది ఉత్తమ నటుడి బహుమతి అతనికే వచ్చింది.

అప్పట్లో వెన్‌లాంగ్ కుర్రవాడు, కంఠం బాగుండేది. పాత తియోచూ సంగీత నాటకాలన్నిటికీ మాండరిన్‌లో గొంతు అరువిచ్చే పని అతనికి దక్కింది. రాజు, సేనాపతి, దొంగ అందరూ అతనే. అతని తల్లి చువా గెక్ ఖిమ్‌కు ఆ నాటకాలంటే ప్రాణం. ఒకనాడు తనకు కంఠతా వచ్చిన నాటకం టీవీలో చూస్తూ, మహారాజు నోట్లో ఎవడో దూరాడని పక్కింటావిడతో వాపోయింది. దూరింది తన కొడుకేనని తర్వాత తెలిసింది. ఆ మార్పు ఎంత అవసరమో కొడుకు మాండరిన్‌లో వివరించాడు. ఆవిడ తలూపింది.

నాలుక చెడుతుందని వెన్‌లాంగ్ ఇంట్లో కూడా తియోచూ మానేశాడు. ఇన్నేళ్ల నిష్ఠ తర్వాత అతనికి మిగిలినవి తినడం, పడుకోవడం, గొడుగు తీసుకెళ్లడం గురించిన నాలుగు ముక్కలు. కూతురు యూటింగ్ మరో మెట్టు ఎక్కి ఇంగ్లీషులో స్థిరపడింది. తండ్రి మాటల్లో సగం దానికి అందుతాయి, నానమ్మవి అసలే అందవు. గెక్ ఖిమ్ మాత్రం రోజూ సాయంత్రం ఆ ఛానెల్ ముందు కూర్చుని, మంచి బట్టలు కట్టుకున్నవాళ్లు మంచి సంగతులే చెబుతుంటారని నమ్మి తలూపుతూ ఉండేది. కొడుకూ అదే పలుకులో మాట్లాడేవాడు గనక అతనికీ తలూపేది. ఆ ఇంట్లో గొడవన్నదే వినపడదని అందరూ మెచ్చుకునేవారు.

తోవా పాయోలో తాముంటున్న పాత ఫ్లాటు అమ్మేసి, పుంగోల్‌లో కొత్తదానికి మారదామని వెన్‌లాంగ్ తల్లిని పద్ధతిగా అడిగాడు. ఆవిడ పద్ధతిగా తలూపింది. ఏజెంటు లోక్ కొనేవాళ్లను ఇల్లు చూడ్డానికి తీసుకొచ్చాక గానీ ఆవిడకు సంగతి తెలియలేదు. ఆ రోజు నుంచి గంజి గిన్నె ముందు కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. గంజిలో నంజుకునే ఉప్పు గుడ్లు చాలడం లేదు కాబోలనుకుని కొడుకు ఇంకా తెచ్చాడు.

ఇంతలో ఛానెల్‌కు ఒక కష్టమొచ్చింది. ముసలివాళ్లకు ఉచితంగా కంటి పరీక్షలు చేస్తామని రోజూ ప్రకటిస్తుంటే ఒక్కరూ రాలేదు. విచారించగా, వాళ్లంతా ఆ ప్రకటనను ఎంతో శ్రద్ధగా చూస్తున్నారనీ, ఒక్క ముక్కా అర్థం కావడం లేదనీ తేలింది. డైరెక్టర్ ఫాంగ్ సిబ్బందిని సమావేశపరిచాడు. "మన పెద్దల పలుకు మన సంపద. దాన్ని ఇన్నాళ్లూ ఎవరు నిర్లక్ష్యం చేశారో మనకు అనవసరం" అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నాలు ఒక తియోచూ కార్యక్రమం మంజూరైంది. అయితే భవనం మొత్తంలో తియోచూ వచ్చినవాళ్లు లేరు. అందుకు ఉచ్చారణ విభాగాన్ని అంతకుముందే సన్మానించారు కూడా. ప్రశ్నలడగడానికీ, కింద మాండరిన్ అక్షరాలు వేయడానికీ తియోచూ పుట్టిల్లయిన చైనాలోని షాన్‌తౌ నుంచి ఒక అమ్మాయిని రప్పించారు. మాట్లాడే ముసలావిడ కావలసివస్తే వెన్‌లాంగ్ తన తల్లిని ఇచ్చాడు.

కార్యక్రమం వచ్చిన రోజు వెన్‌లాంగ్ ఇంట్లో అంతా టీవీ ముందు చేరారు. తెర మీద ఆ అమ్మాయి, గంజి ఎలా కాస్తారు అని అడిగింది.

"గంజి సంగతి తర్వాత చెప్తాలే తల్లీ" అంది గెక్ ఖిమ్. "మావాడు నా ఇల్లు అమ్మేస్తన్నాడు. వద్దురా వద్దురా అని నేను మొత్తుకుంటుంటే గుడ్లు తెచ్చి పెడతన్నాడు. వాడు టీవీలో వాళ్లలా మాట్లాడతాడమ్మా, అందుకని టీవీకి ఊపినట్టే తలూపాను. నా మాటకి నవ్వేవాళ్లు ఇక్కడ మేడ కింద బల్ల దగ్గర ఇంకా ముగ్గురున్నారు. ఆ కొత్తింట్లో ఎవరితో మాట్లాడేది, లిఫ్టుతోనా?"

వెన్‌లాంగ్ తెర కింద అక్షరాలు చదివాడు. నానమ్మ ఏమంటోందని యూటింగ్ అడిగింది. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పక్కనే కూర్చుని తెర మీద తనను తాను చూసుకుంటున్న తల్లి వైపు తిరిగాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. అతని దగ్గరున్న తియోచూలో ఆ మాట లేదు.

"తిన్నావా?" అన్నాడు.

తిన్నానంది ఆవిడ.

అమ్మకం ఆగిపోయింది. ఆ కార్యక్రమంలో తియోచూలో చెప్పగానే ఊళ్లో ముసలివాళ్లు కంటి పరీక్షలకు బారులు తీరారు. అమ్మల పలుకును కాపాడిన ఛానెల్‌గా హెషెంగ్‌కు బిరుదు వచ్చింది, చరిత్ర గ్రంథంలో దానికొక అధ్యాయం కేటాయించారు. వెన్‌లాంగ్ ఇంట్లోనూ ఎంతో మేలు జరిగింది. ఒక శుక్రవారం ఆవిడకు ఉప్పు గుడ్లు పడవని తెలిసింది. ఇంకో శుక్రవారం మోకాలు నొప్పి అని తెలిసింది. అంతలో కార్యక్రమం మొదటి విడత ముగిసింది. రెండో విడత సంగతి పైవాళ్ల పరిశీలనలో ఉంది.

ఆ రోజుల్లోనే ఏజెంటు లోక్ ఇంకా మంచి బేరం పట్టుకొచ్చాడు. గెక్ ఖిమ్ అతన్ని చూడగానే గిన్నె కింద పెట్టి, చేతిలోని తినే పుల్లలు ఆడిస్తూ చాలాసేపు మాట్లాడింది. మగవాళ్లిద్దరూ వినయంగా విన్నారు. ఇద్దరి చూపూ ఆవిడ గడ్డం కిందికి, అక్షరాలు రావలసిన చోటికి జారింది.

"పోయినసారి వద్దంది. ఈసారి ఏమంటోందో రెండో విడత వేస్తే గానీ చెప్పలేను" అన్నాడు వెన్‌లాంగ్.

లోక్‌కు అందులో వింతేమీ కనిపించలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, కాస్త మొహమాటపడుతూ వెనక్కి వచ్చాడు.

"కంటోనీస్ విడత ఎప్పుడేస్తారో కాస్త కనుక్కుంటారా సార్?" అన్నాడు. "మా అమ్మ కూడా చాలా రోజుల్నుంచీ ఏదో చెప్తోంది."