ధనుంజయ అండ్ బ్రదర్ వారి పట్టీ వివాదం

కర్నూలు పాత బజారులోని ‘ధనుంజయ అండ్ బ్రదర్’ బట్టల దుకాణంలోకి రెండు తెరల కంప్యూటరు ప్రవేశించిన శుభ సందర్భంలో బజారంతా పూటసేపు స్తంభించిపోయింది. ట్రాఫిక్ పోలీసు కూడా తన విధి నిర్వహణలో భాగంగా లోపలికి వచ్చి, లడ్డూ స్వీకరించి, రద్దీకి కారణం తెలుసుకుని వెళ్ళాడు. అది 2006వ సంవత్సరం. అప్పటికే ఎదురు దుకాణంలో ఒక కంప్యూటరు ఉంది గానీ దానికి ఒకటే తెర. ఒకటి ఉన్నచోట రెండు పెట్టడాన్నే అభివృద్ధి అంటారు కాబట్టి రెండోది ఎందుకని ఎవరూ అడగలేదు.

వర్తక సంఘం అధ్యక్షులు కేశవయ్య శెట్టిగారు రిబ్బను కత్తిరించి ఉపన్యసించారు.

“మనిషికి కండ్లు రెండుండాయి. చూపు మాత్రం ఒకటే. అట్లనే ఈ అన్నదమ్ములకు తెరలు రెండు. లోపల మిషను ఒకటే! రామలక్ష్మణులు ఈ కాలంలో పుట్టింటే ఇట్లాంటి కంప్యూటరే కొనుక్కుని ఉందురు.”

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు జ్ఞానేశ్వర్. బోర్డు మీద ‘బ్రదర్’ అని ఉన్నది ఇతని గురించే. తండ్రి పోయాక కొత్త బోర్డు రాయించినప్పుడు, ఇద్దరి పేర్లూ రాస్తే బోర్డు పక్క దుకాణం మీదికి పోతుందని అన్న ధనుంజయ వివరించాడు. పొరుగువాళ్ళకు ఇబ్బంది కలిగించడం జ్ఞానేశ్వర్‌కు ఇష్టం లేదు. అప్పటినుంచి గల్లాపెట్టెకు కుడివైపు అన్న, ఎడమవైపు తమ్ముడు. తాళంచెవి అన్న మొలతాడుకు ఉంటుంది. పెండ్లి బేరాలు అన్నవి, లుంగీలూ తువ్వాళ్ళూ తమ్ముడివి. ఇన్నేళ్ళకు అన్న ముందర ఉన్నటువంటి వస్తువే తన ముందరా ఒకటి వచ్చి కూర్చుంది. గుడ్డ కొలిచే మీటరు కడ్డీతో రెండు తెరలనూ కొలిచి చూసుకున్నాడు. సమానమే.

మొదటి రోజులు సంతోషంగా గడిచాయి. ఇద్దరికీ మధ్య మౌసు ఒకటే. దాన్ని అన్న జరిపితే ఆయన తెర మీది బాణం గుర్తు అంచు దాటి తమ్ముడి తెర మీదికి చుట్టం లాగా నడిచొచ్చేది. అది వచ్చినప్పుడల్లా జ్ఞానేశ్వర్ కొంచెం సర్దుకుని కూర్చునేవాడు.

లోపం కనిపెట్టినవాడు సుంకప్ప. కోడుమూరు తట్టు పల్లెలో రైతు. కొడుకు పెండ్లికి బట్టలు తీసుకోవడానికి వచ్చి, చీరలు చూడమంటే తెరలు చూశాడు.

“ఏం చిన్నశెట్టీ, మీ అన్నదానికి కింద అంచు ఉండాది. నీది అంచు లేని చీర మాదిరి ఉండాదే?”

జ్ఞానేశ్వర్ చూశాడు. నిజమే. అన్న తెర అడుగున ఈ చివరినుంచి ఆ చివరిదాకా బూడిదరంగు పట్టీ ఒకటి ఉంది. దానికి ఎడమ కొసన ఏ పని తెరవాలన్నా నొక్కే మెనూ, కుడి కొసన గడియారం, దాని పక్కనే చెరిపేసినవి వేసే చెత్తబుట్ట బొమ్మ, నడుమ అప్పటికి తెరిచి ఉన్న పనుల పేర్లు. కంప్యూటరు పెట్టిపోయిన మెకానిక్ లేవి దాన్ని ప్యానెల్ అన్నాడు. తమ్ముడి తెర మీద లక్ష్మీదేవి బొమ్మ తప్ప మరేమీ లేదు. అమ్మవారు ఉన్నప్పుడు ఇంకేం కావాలని ఒక్క క్షణం సమాధానపడబోయాడు. కానీ అన్న తెర మీద అమ్మవారూ ఉంది, పట్టీ కూడా ఉంది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య శ్రీదేవి నవ్వేసింది. “పెద్దాయనకు అంచు చీర, మనకు సాదా చీర. ఇంట్లో నడిచేదే అంగట్లోనూ నడుస్తాంది.” ఆమె సరదాకే అంది. జ్ఞానేశ్వర్ మాత్రం మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

మర్నాడు అన్న మంత్రాలయం వెళ్ళాడు. తమ్ముడు లేవికి ఫోను చేశాడు. కల్లూరులో చిన్న గది తీసుకుని కంప్యూటర్లకు వైద్యం చేసే లేవి షేర్ ఆటోలో దిగి, ముందుగా మిషను వీపు మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. ఎలాంటి కేసులోనైనా ఆయన అలాగే మొదలుపెడతాడు.

“జబ్బేమీ లేదే?”

“జబ్బు కాదప్పా. ఆ పట్టీని నా తట్టు తీస్కరా.”

లేవి పట్టీని మౌసుతో పట్టి లాగాడు. అది మారు మాట్లాడకుండా జారుకుంటూ వచ్చి జ్ఞానేశ్వర్ తెర అడుగున చేరింది. పుట్టినప్పటినుంచి అక్కడే ఉన్నంత సహజంగా కూర్చుంది. ఆ పూట జ్ఞానేశ్వర్ అవసరం ఉన్నా లేకపోయినా గడియారం చూసుకున్నాడు. దుకాణం గోడకు వేరే గడియారం ఉన్న సంగతి అతనికి గుర్తులేదు.

స్వామి ప్రసాదంతో వచ్చిన ధనుంజయ తన తెర చూసి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

“ఒరే జ్ఞానా, పట్టీ యాడికి పోయిందిరా?”

“నా తట్టు వచ్చిందన్నా.”

“అదే వచ్చిందా, నువ్వు పిల్చుకొస్తే వచ్చిందా?”

జ్ఞానేశ్వర్ తువ్వాళ్ళు మడతపెట్టడంలో మునిగిపోయాడు. ధనుంజయ ఎంతో సంస్కారం గల మనిషి కాబట్టి దుకాణంలో గొంతు పెంచలేదు. ఇంటికి వెళ్ళి పెంచాడు. పెద్దకోడలు రాజ్యలక్ష్మమ్మ వంటింట్లో తోడికోడలితో, “పట్టీకైనా పెద్దా చిన్నా తెలియాల గదా శ్రీదేవీ,” అంది. శ్రీదేవి జవాబు చెప్పింది. ఆ జవాబు తర్వాత ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి.

ఆపై లేవి వృత్తి జీవితంలో స్వర్ణయుగం మొదలైంది. ఒకరోజు పెద్దశెట్టి పిలుపు, మరుసటి రోజు చిన్నశెట్టి పిలుపు. పట్టీ కుడికి వెళ్ళేది, ఎడమకు వచ్చేది. కల్లూరు ఆటోవాళ్ళు లేవి చేతి సంచి చూసే, “ఈరోజు ఎవరి తట్టు?” అని అడిగేవాళ్ళు. బజారు కూడా రెండయింది. కిరాణావాళ్ళు కుడిపక్షం, గాజులవాళ్ళు ఎడమపక్షం. వెనకటి తరంలో ఊళ్ళు చీలితే కారణాలు చెప్పుకోవడానికి మొహమాటంగా ఉండేది. ఇప్పుడు సాంకేతిక కారణం దొరికినందుకు అందరూ గర్వపడ్డారు.

చివరికి వ్యవహారం వర్తక సంఘం ముందుకు వచ్చింది. కేశవయ్య శెట్టిగారు ఉభయ పక్షాల వాదనలూ కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన నిద్రపోయారని కొందరు అన్నారు గానీ అది నిజం కాదు, ఎందుకంటే లేవగానే తీర్పు చెప్పారు.

“పట్టీ పిత్రార్జితం కాదు. అయినా పంచుకోవాల్సిందే. మెనూ పెద్దాయనకు. గడియారం చిన్నాయనకు. నడుమ పేర్లు ఇద్దరికీ సమంగా సగం సగం. చెత్తబుట్ట ఉమ్మడి!”

లేవి తీర్పును తు.చ. తప్పకుండా అమలు చేశాడు. పెద్దపట్టీని రెండు చిన్నపట్టీలుగా చేసి చెరో తెర మీదా చెరొకటి పెట్టాడు. దాంతో ధనుంజయ ఏ పనైనా తెరవగలడు గానీ అది తెరుచుకునేది తమ్ముడి వైపు. జ్ఞానేశ్వర్‌కు టైము తెలుసు గానీ ఆ టైములో చేయడానికి పని తెరిచే వీలు లేదు. బిల్లు మాత్రం నిష్పాక్షికంగా రెండు తెరల నడుమ సగం సగం నిలిచేది. చీర పేరు అన్నవైపు, ధర తమ్ముడివైపు.

సుంకప్ప మళ్ళీ వచ్చి, చీరలు ఏరుకుని, బిల్లు కోసం నిలబడ్డాడు. పెండ్లి దగ్గరపడింది. బయట జీపులో ఆడవాళ్ళు ఎండకు కొంగులు కప్పుకుని కూర్చున్నారు.

“పట్టుచీర, ఎర్రంచు,” అని చదివాడు ధనుంజయ.

తర్వాతి మాట జ్ఞానేశ్వర్ చదవాలి. అన్న తనను పేరు పెట్టి అడిగితే చదువుదామని ఆగాడు. తమ్ముడు అడక్కుండానే చదవాలని అన్న ఆగాడు.

“ఏమప్పా, ధర చెప్పండప్పా. దుడ్లు పట్టుకునే నిలబడినా గదా!” అన్నాడు సుంకప్ప.

ఇద్దరూ తెరలవైపు చూస్తూ కూర్చున్నారు. సుంకప్ప కాసేపు వాళ్ళనీ, కాసేపు తెరలనీ చూసి, చీరలు గల్లా మీద పెట్టి ఎదురు దుకాణానికి నడిచాడు. వెనకే జీపులోని ఆడవాళ్ళూ దిగి వెళ్ళారు. ఇంత పెద్ద పెండ్లి బేరం పోవడం తండ్రి కాలంనుంచీ జరగలేదు. అయినా ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరి ముఖాల్లోనూ అవతలివాడికి నష్టం వచ్చిందన్న తృప్తి కనిపించింది.

ఇక దుకాణం నడిమికి గోడ కట్టడమే మిగిలింది. తాపీమేస్త్రీ వచ్చి సుద్దముక్కతో గీత గీశాడు. గీత గుమ్మంనుంచి మొదలై, గల్లాపెట్టె కిందుగా, చీరల బీరువా దాకా పోయింది. దాన్ని చూస్తూ జ్ఞానేశ్వర్ చాలాసేపు నిలబడ్డాడు. సుద్దగీత సరిగ్గా పాత బల్ల మీదుగా పోతోంది. నిక్కరు వేసుకునే రోజుల్లో ఆ బల్ల దగ్గరే అన్న అతని చేతి మీద చెయ్యి వేసి గుడ్డ కొలవడం నేర్పాడు. “లాగొద్దురా. గుడ్డను లాగి కొలిస్తే మోసం. వదిలి కొలిస్తే నష్టం. ఊరికే పట్టుకో,” అనేవాడు. జ్ఞానేశ్వర్ ఓరకంట అన్నను చూశాడు. ధనుంజయ కూడా ఆ బల్ల వైపే చూస్తున్నాడు. ఎవరైనా ఒక్కమాట అని ఉంటే గోడ ఆగేది. ఎవరు ముందు అనాలన్నది తేలలేదు.

గోడకు ముహూర్తం పెట్టడానికి కేశవయ్య శెట్టిగారు సంఘం పెద్దలతో సహా దుకాణానికే విచ్చేశారు. ఆడవాళ్ళు బీరువా పక్కన నిలబడ్డారు. తెరలు వేరు చేయడానికి లేవిని కూడా పిలిపించారు. అప్పుడు శ్రీదేవి అందరి ముందరా నోరు విప్పింది. తాను నవ్వులాటకు అన్న మాట ఇంతదూరం వచ్చిందని కొన్నాళ్ళుగా ఆమెకు నిద్ర పట్టడం లేదు.

“ఏమన్నా లేవీ, ఒక మాట అడుగుతా. అట్లాంటి పట్టీనే, మెనూ గడియారం అన్నీ ఉండేది, ఇంకోటి పెట్టేదానికి కాదా? ఈ తెరకొకటి, ఆ తెరకొకటి?”

లేవి తల గోక్కుని, మౌసు పట్టుకుని, రెండు మూడుచోట్ల నొక్కాడు. రెండు తెరల అడుగునా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిండు పట్టీలు వచ్చి నిలిచాయి. మెనూ ఇటూ, మెనూ అటూ. గడియారం ఇటూ, గడియారం అటూ.

“అయితాది,” అన్నాడు లేవి తనే ఆశ్చర్యపోతూ. “ఇన్ని దినాలు ఎవురూ ఇట్ల అడగలేదు. యాడ పెట్టాలనే అడిగినారు.”

రాజ్యలక్ష్మమ్మ తోడికోడలి చెయ్యి పట్టుకుంది. మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. జ్ఞానేశ్వర్ తన తెర చూశాడు. అడిగినదంతా వచ్చింది. గుండె తేలికపడుతుందని ఎదురుచూశాడు. అప్పుడు పక్కతెర మీద చూపు పడింది. అక్కడా అదే ఉంది. తేలికపడబోయిన గుండె మళ్ళీ మొదటి స్థానానికి వచ్చింది.

ధనుంజయ గొంతు సవరించుకున్నాడు. “ఇద్దరికీ ఉండేదైతే, ఇంక దానికేం మర్యాద ఉండాది?”

“నేనూ అదే అనుకుంటాండా అన్నా,” అన్నాడు జ్ఞానేశ్వర్.

ఆ ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడటం తండ్రి పోయాక అదే మొదటిసారి. ధనుంజయ కళ్ళు చెమర్చాయి. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

“అట్లయితే ఎవురికీ వద్దురా.”

“శానా మంచిమాటన్నా. ఎవురికీ వద్దు.”

లేవి రెండు పట్టీలనూ తీసేశాడు. తెరల మీద చెరొక లక్ష్మీదేవి మిగిలింది. మెనూ లేనందున కంప్యూటరులో ఏదీ తెరవడానికి లేదు కాబట్టి దాన్ని మంచి పట్టుగుడ్డతో కప్పారు. మేస్త్రీ సుద్దగీత మీద నీళ్ళు చల్లి తుడిచాడు. అన్నదమ్ములు ఒకే కంచంలో మిఠాయి తిన్నారు. బిల్లు పుస్తకాలు అటకమీదనుంచి దిగాయి. “మరి నా పట్టీలు?” అని లేవి గొణిగాడు. “ఇంకొంచెం మిఠాయి తీసుకో అన్నా,” అంది శ్రీదేవి. అంతకు మించి ఆమెకూ ఏమీ తోచలేదు.

కేశవయ్య శెట్టిగారు తన సుదీర్ఘ అనుభవంలో ఇంత సంపూర్ణమైన న్యాయం చూడలేదని ప్రకటించారు. “ఇద్దరికీ ఉంటే పోటీ. ఒకరికి ఉంటే కక్ష. ఎవురికీ లేకుంటే శాంతి!” అన్నారు. గోడ సంగతి తెలిసి వచ్చిన పత్రికలవాళ్ళు రాసుకున్నారు. చుట్టుపక్కల పేటలనుంచి జనం ఆ పట్టుగుడ్డను చూసి దండం పెట్టుకుని వెళ్ళారు.

ఆ ఎండాకాలం ఊరి చివర వీధికి మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా ఒక కుళాయి మంజూరు చేశారు. అది ఎవరి ఇంటి ముందర ఉండాలని తగాదా వచ్చింది. వీధివాళ్ళు మరెవరి దగ్గరికో కాకుండా నేరుగా కేశవయ్య శెట్టిగారి దగ్గరికే వచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని అంతా విని, తీర్పు చెప్పారు. కుళాయి ఎవరి ఇంటి ముందరా ఉండరాదు. వీధంతా హర్షధ్వానాలు చేసింది. నీళ్ళకోసం ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు చప్పట్లు ఎలా కొట్టారని మీకు అనుమానం రావచ్చు. బిందెలు కింద పెట్టి కొట్టారు.