తంపురాన్ స్నానంలో ఉన్నారు

రాజ్యాలను కోటలు కాపాడతాయని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడు కోటలు కట్టే కాంట్రాక్టరై ఉంటాడు. రాజ్యాలను కాపాడేది గుమ్మం పక్కన వేసిన బల్ల. మలబారు తీరంలో పుళక్కర అనే రాజ్యం గోడ లేకుండా, ఫిరంగి లేకుండా, ఉన్న కాస్త సైన్యమూ మధ్యాహ్నం పూట కునుకు తీస్తూ అంతకాలం నిలబడిందంటే, అదంతా ఆ బల్ల చలవే.

ఆ బల్లకు అధికారి రారిచ్చన్ మేనోన్. హోదా పేరు వాకిలి కార్యస్థుడు. తంపురాన్‌ను (రాజుగారినే, పుళక్కరలో ‘రాజుగారు’ అంటే ఎవరో పక్కదేశం వాడనుకుంటారు) చూడటానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం అతని పని. చూపించడం వేరే శాఖవాళ్ళ పని. ఆ శాఖ ఇంకా ఏర్పడలేదు.

బల్లను రారిచ్చన్ దగ్గరుండి పనసచెక్కతో చేయించాడు. ముందు కాళ్ళు వెనక కాళ్ళకన్నా ఓ అంగుళం పొట్టి. కూర్చున్నవాడు తెలీకుండానే ముందుకు జారతాడు, మళ్ళీ వెనక్కి జరుగుతాడు, మళ్ళీ జారతాడు. సాయంత్రానికి ఏ మనిషికైనా తను వచ్చిన పనికన్నా తన నడుమే ముఖ్యమనిపిస్తుంది. లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. అర్జీ పరిష్కారమైనట్టు లెక్క.

ఇక కంపెనీ. కంపెనీ అంటే ఏడు సముద్రాలు దాటి వచ్చి, నీ మిరియాలు నువ్వెవరికి అమ్మాలో నీకే నేర్పించే సంస్థ. సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు ఆ కంపెనీ ఓడ ఒకటి పుళక్కర నదీముఖం దగ్గర లంగరేసింది. అందులోంచి కప్పిత్తాన్ బ్రౌవర్ అనే దొర, నెత్తిన పెట్టుడుజుట్టుతో, చేతిలో ఒక ‘స్నేహ ఒప్పందం’తో దిగాడు. పుళక్కర మిరియాలన్నీ ఎప్పటికీ కంపెనీకే అమ్మాలి. ధర కంపెనీయే చెబుతుంది. ఇంకెవరికైనా అమ్మితే ఆ పడవను కంపెనీయే ముంచుతుంది. (స్నేహమన్నాక ఆ మాత్రం చొరవ ఉంటుంది.)

దొరకు పై ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వు చాలా స్పష్టమైనది: ఒప్పుకుంటే ముద్ర వేయించు, తిరస్కరిస్తే ఫిరంగులు పేల్చు. మూడోది జరిగితే ఏం చెయ్యాలో అందులో లేదు. పుళక్కర ఆ మూడోదానిలో కాపురం పెట్టింది.

ఆ ఉపాయం రారిచ్చన్‌దే. తంపురాన్ అతన్ని లోపలికి పిలిపించుకుని, తలకు నూనె పట్టించుకుంటూ అడిగాడు.

“రారిచ్చా, కాదంటే ఏమవుతుందిరా?”

“పేలుస్తారు తంపురాన్.”

“ఔనంటే?”

“కొండమీది మిరియం గింజ కూడా మనది కాదు.”

“మరేం చేద్దాం?”

“ఏలినవారు స్నానం చెయ్యండి.”

“ఎలాగూ చెయ్యబోతున్నా కదరా, కనిపించడంలా?”

“అది కాదు. అయ్యాక మళ్ళీ చెయ్యండి. ఎండాకాలం పోయి ఇడవం నెల వానలు పడేదాకా చేస్తూనే ఉండండి. వాన మొదలైతే సముద్రం పొంగుతుంది, ఓడ ఇక్కడే ఉంటే ఇసకతిన్నెకు కొట్టుకుని బద్దలవుతుంది. వాడంతట వాడే పోతాడు. మనం కాదన్నదీ లేదు, ఔనన్నదీ లేదు.”

తంపురాన్ ముఖం వికసించింది. జీవితంలో ఆయనకు చేతనైన పనికి రాజకీయ ప్రాముఖ్యం రావడం ఇదే మొదటిసారి.

రారిచ్చన్‌కు మాత్రం ఇది సరదా వ్యవహారం కాదు. అతను ఉండేది, తినేది అక్కడి మగవాళ్ళందరిలాగే తోబుట్టువు ఇంట్లో. చెల్లెలు ఇట్టిచ్చిరి చేతిలో గరిట ఉన్నప్పుడు తంపురాన్ అయినా రెండడుగులు వెనక్కి వేస్తాడు.

“అన్నా, ముద్ర పడిందని విన్నానో, ఈ ఇంట్లో నీకు గంజినీళ్ళు కూడా దొరకవు,” అంది వడ్డిస్తూ. “ఆ కొండవాలు తీగలు అమ్మ తన చేత్తో పాకించింది. ఏటా కుట్ట్యాలి పడవేసుకొచ్చి బియ్యం దింపి, మిరియాలు ఎక్కించుకుపోతాడు కాబట్టి వానాకాలం గడుస్తోంది. నీ కంపెనీవాడు బియ్యం ఇవ్వడటగా, అద్దాలిస్తాడట. పిల్లలకు అద్దాలు ఉడకేసి పెట్టనా?”

“నేనున్నాగా చెల్లీ.”

“నువ్వున్నావనే నా భయం.”

మర్నాడు దొర వచ్చాడు. వెంట వాంచి పట్టర్ అనే పాలక్కాడు బ్రాహ్మడు, కంపెనీ దుబాసీ.

“తంపురాన్ స్నానంలో ఉన్నారు. కూర్చోండి,” అన్నాడు రారిచ్చన్.

దొర కూర్చున్నాడు. జారాడు. కూర్చున్నాడు. మధ్యాహ్నానికి లేచి నిలబడి, ముఖమంతా కందగడ్డలా చేసుకుని చాలాసేపు అరిచాడు.

“ఏమంటున్నాడు స్వామీ?”

పట్టర్ గొంతు సవరించుకున్నాడు. “మీ క్షేమం అడుగుతున్నాడు మేనోన్.”

“అంతసేపా?”

“ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడుగుతున్నాడు. ముఖ్యంగా మీ అమ్మగారిని.”

“అమ్మ పోయి చాలాకాలమైందని చెప్పండి. అడిగినందుకు సంతోషమనీ చెప్పండి.”

ఇక్కడ పుళక్కర నిబంధనలు కొంచెం తెలుసుకోవాలి. రాజముద్ర పట్టే చేయి నదిలో మునిగి లేచినదై ఉండాలి. లేచాక బొట్టు పెట్టేదాకా మాట్లాడకూడదు. బొట్టు పెట్టాక పూజ అయ్యేదాకా ఎవరినీ చూడకూడదు. పూజ అయ్యాక భోజనం. భోంచేసిన చేత్తో ముద్ర ముట్టకూడదు. ఆ తర్వాత కునుకు. కునుకు తర్వాత దీపాలు పెడతారు, దీపాలు పెట్టాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు. వీటి మధ్య పరదేశి వస్తువేదైనా ఒంటికి తగిలిందా, మళ్ళీ నది దగ్గరి నుంచి మొదలు. (రోజులో ముద్ర వెయ్యడానికి అనువైన సమయం ఒకటుంది. అప్పుడు ముద్రపెట్టె తాళంచెవి ఉన్నవాడు స్నానానికి వెళ్తాడు.)

దొర ముందు కానుకలతో ప్రయత్నించాడు. మఖమల్ కుర్చీ పంపాడు. తంపురాన్ మర్యాదకు అందులో కూర్చున్నాడు, వెంటనే స్నానానికి వెళ్ళాడు. గంట కొట్టే గడియారం పంపాడు. అది కొట్టినప్పుడల్లా తంపురాన్ ఉలిక్కిపడి దాన్ని పట్టుకున్నాడు, స్నానానికి వెళ్ళాడు. కంపెనీ ఎంత స్నేహంగా ఉంటే తంపురాన్ అంత తడిగా ఉన్నాడు.

అప్పుడు దొరకు ఓ తెలివైన ఆలోచన వచ్చింది. కాగితాన్ని తను కాదు, పట్టర్ పట్టుకెళ్తాడు. పట్టర్ బ్రాహ్మడు; అతను తాకితే మైలేముంది?

“ఏమీ లేదు, భేషుగ్గా వెళ్ళొచ్చు,” అన్నాడు రారిచ్చన్. “కానీ తంపురాన్‌కే పురుడు వచ్చింది స్వామీ.”

“తంపురాన్‌కా?”

“వారి వంశంలో. తూర్పుశాఖ తంపురాట్టికి నిన్న మగబిడ్డ.”

పుళక్కర రాజవంశానికి శాఖలు చాలా ఉన్నాయి. ఎక్కడ ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మైల అందరికీ. తూర్పుశాఖ పురుడు తీరే రోజున దక్షిణశాఖలో ఓ ముసలాయన కన్నుమూశాడు. (ఆయనకు కంపెనీ సంగతి తెలియదు. దేశభక్తి కొందరికి అలా సహజంగా వస్తుంది.) దొర మండిపడి, ఏ తంపురాట్టికి ఎన్నో నెలో కనిపెట్టి చూడటానికి ప్రత్యేకంగా ఒక గుమాస్తాను నియమించాడు. ప్రపంచ వాణిజ్య చరిత్రలో మిరియాల సరఫరాను వేవిళ్ళతో అంచనా వేసింది ఆ ఒక్క సంవత్సరమే.

ఇలా జరిగితే ఏం చెయ్యాలని దొర పై ఆఫీసుకు ఉత్తరం కూడా రాశాడు. జవాబు రావడానికి రెండు వానాకాలాలు పట్టేది. ఈలోగా ముందరి కప్పిత్తాన్ అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది. “అలాగే చెయ్యవలెను” అని ఉంది అందులో. అతనేం అడిగాడో ఎవరికీ తెలియదు.

కానీ తంపురాన్ కూడా మనిషే. ఎండాకాలం ముదిరేసరికి జలుబు పట్టుకుంది. ఓ పొద్దున నదిరేవులో స్నానాల చావడి దగ్గర, పీకల్లోతు నీళ్ళలో నిలబడి చేతులు పైకెత్తి చూపించాడు.

“చూడు రారిచ్చా, వేళ్ళు చూడు. నానేసిన చింతపండులా లేవూ? యుద్ధం చేసినా బాగుండేది కదరా. పొడిగా చచ్చేవాళ్ళం.”

“ఇంకొన్నాళ్ళు తంపురాన్. పడమట మబ్బు కనిపిస్తోంది.”

“నా ముక్కులో కనిపిస్తోంది మబ్బు! హా...చ్! ఆ ముద్ర ఇలా తెప్పించు. గుద్దేసి, ఒళ్ళు తుడుచుకుని పడుకుంటా.”

రారిచ్చన్‌కు కళ్ళముందు గరిట మెదిలింది. సరిగ్గా అప్పుడే నది మలుపులో కంపెనీ పడవ కనిపించింది. తంపురాన్ ఎప్పుడూ స్నానంలోనే ఉంటే స్నానంలోనే కలిస్తే పోలా అని దొరకు ఎట్టకేలకు తట్టింది. పడవ రేవుకు ఆనింది. దొర కాగితం పట్టుకుని లేచి నిలబడ్డాడు. తంపురాన్ ఏనుగుపిల్లను చూసిన పసివాడంత ఆశగా ఆ కాగితం వైపు చూశాడు.

రారిచ్చన్ నడుం వంచి, జీవితంలో ఎప్పుడూ పలకనంత వినయంగా పలికాడు. “దయచెయ్యండి దొరగారూ. ఇలా, ఈ మెట్టు మీదికి.”

ఆ మెట్టుకు పాచి పట్టి ఉందని అంతఃపురంలో పసిబిడ్డలకు కూడా తెలుసు. ఆ సంగతి వచ్చినవాళ్ళకు చెప్పాలని వాకిలి కార్యస్థుడి విధుల్లో మాత్రం ఎక్కడా లేదు.

దొర ఒక చోట పడ్డాడు, బూట్లు ఒక చోట తేలాయి. పెట్టుడుజుట్టు విడిగా బయల్దేరి, తిన్నగా వెళ్ళి తంపురాన్ ఛాతీకి ఆనింది.

“పిల్లిరోయ్! చచ్చిన పిల్లి!” అని తంపురాన్ పెట్టిన కేకకు సైన్యం నిద్రలేచింది.

శాస్త్రం చెప్పే పెద్ద నంబూద్రిని పిలిపించారు. ఆయన రేవునీ, దొరనీ, కర్రతో పైకెత్తిన పెట్టుడుజుట్టునీ పరిశీలించి తీర్పు చెప్పాడు.

“బావి మైలపడితే తోడిపోస్తాం. నదిని ఏం తోడతాం? కొత్తనీరు రావాలి.”

“ఎప్పుడొస్తుంది?” అన్నాడు పట్టర్, దొర తరఫున.

“వానలు పడ్డాక. అంతదాకా తంపురాన్ ఇందులో మునగకూడదు. మునగందే ముద్ర ముట్టకూడదు.”

నిన్నటిదాకా స్నానం చేస్తున్నందువల్ల ముద్ర కుదరలేదు. ఇవాళ్టినుంచి స్నానం చెయ్యనందువల్ల కుదరదు. పరిపాలన అంటే ఇది. తంపురాన్ ఆ తీర్పు విని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఒళ్ళు తుడుచుకున్నాక ఆయన ఒంటి మీద మిగిలిన తడి అదొక్కటే.

వానలు పడబోయే ముందు ఓడ వెళ్ళిపోయింది. ఫిరంగి ఒక్కటీ పేలలేదు, ఎవరూ ఏదీ తిరస్కరించలేదు కనక. యుద్ధంలో తలలు తెచ్చినవాళ్ళకు ఇచ్చే వీరకంకణం రారిచ్చన్ చేతికి తొడిగారు. ఇట్టిచ్చిరి ఆ రాత్రి అరటికాయ వేపుడు చేసింది, అడక్కుండానే రెండోసారి వడ్డించింది. పుళక్కరలో అందరూ ఒక విషయం మర్చిపోయారు: ఆ దొర కొన్ని నెలలపాటు, వేరే పనేమీ లేకుండా, ఆ బల్లమీదే కూర్చున్నాడు.

వానలు వెలిశాక కంపెనీ మళ్ళీ వచ్చింది. ఈసారి ఒప్పందమూ తేలేదు, కానుకలూ తేలేదు. నదీముఖం దగ్గర, ఎవరి అనుమతీ అడక్కుండా, చిన్న పెంకుటిల్లు ఒకటి వేసుకుంది. సముద్రంలోకి వెళ్ళే ప్రతి పడవా అక్కడ చీటీ తీసుకోవాలంది. చీటీయే కదా అనుకున్నారు. తంపురాన్‌కు చెబుదామని కొందరు వెళ్ళారు గానీ, ఆయన స్నానంలో ఉన్నారు.

ఇట్టిచ్చిరి మిరియాలు ఎండాయి. కుట్ట్యాలి పడవలో బస్తాలు ఎక్కాయి. చీటీ కోసం రారిచ్చన్ కంకణం తొడుక్కుని మరీ వెళ్ళాడు. వరండాలో వాంచి పట్టర్ తాంబూలం నములుతున్నాడు.

“రండి మేనోన్, రండి. దొరగారు స్నానంలో ఉన్నారు. కూర్చోండి.”

రారిచ్చన్ పకపకా నవ్వాడు. “నాతోనా స్వామీ పరాచికాలు? వాళ్ళు పుట్టినప్పుడోసారి, పెళ్ళికోసారి చేస్తారటగా స్నానం!”

“అందుకే ఆలస్యమవుతోంది,” అన్నాడు పట్టర్ గంభీరంగా. “అలవాటు లేని పని కదా.”

“ఎప్పటికవుతుంది?”

“వానలు పడేలోపు అవ్వచ్చు.”

రారిచ్చన్ నవ్వు ఆగింది. “వానలు పడితే పడవెలా పోతుంది స్వామీ? కొండమీద ఏడాది కష్టం అది.”

“అంత తొందరైతే వెనక గుమ్మం దగ్గర కంపెనీవాళ్ళే కొంటున్నారుగా. దానికి చీటీ అక్కర్లేదు, స్నానమూ అక్కర్లేదు. ధర వాళ్ళే చెబుతారు. అద్దాలు కూడా మంచివి వచ్చాయి ఈసారి.”

రేవులో పడవ పక్కన నిలబడ్డ ఇట్టిచ్చిరి కేకేసింది. “ఏమైందన్నా?”

“కూర్చోమంటున్నారు!”

“ఎందుకట?”

“దొర స్నానంలో ఉన్నాడట!” చెల్లెలు కాసేపు అతన్నీ, అతని కంకణాన్నీ చూసింది. “కూర్చో మరి. బాగానే నేర్పావు,” అని, బస్తా మీద తనూ కూర్చుంది.

అతను కూర్చున్నాడు. జారాడు. వెనక్కి జరిగాడు. మళ్ళీ జారాక, వంగి కిందికి చూశాడు. పనసచెక్క. ముందు కాళ్ళు ఓ అంగుళం పొట్టి.

తంపురాన్లు పోయారు. కంపెనీ కూడా పోయింది, వెళ్ళేటప్పుడు కుర్చీలు, గడియారాలు అన్నీ సర్దుకుపోయింది. బల్లను మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. నమ్మకపోతే ఏ ఆఫీసుకైనా వెళ్ళి కూర్చుని చూడండి, లోపల సారు స్నానం ఇంకా అవలేదు.