ఆలస్యపు చీటీ మాహాత్మ్యం

రైళ్ళు రోజూ ఆలస్యంగా నడవాలి. ఇది నా డిమాండు. నవ్వకండి. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి పొద్దునా కురెహషి స్టేషన్లో దిగుతున్నవాణ్ణి, అన్నీ ఆలోచించే అంటున్నాను.

బండి టైముకి వస్తే మనిషికి ఒరిగేదేముంది చెప్పండి? ఏడూ పన్నెండంటే ఏడూ పన్నెండుకే తలుపులు తెరుచుకుంటాయి. గీత మీద వరసగా నిలబడ్డ మనం లోపలికి వెళతాం. అంటే, వెనకవాళ్ళు మనల్ని తీసుకెళతారు. లోపల పట్టుకోవడానికి ఏమీ అక్కర్లేదు. పడిపోవడానికైనా చోటుండాలి కదా! నేను నిలబడే కునుకు తీస్తాను.

ఒకసారి నా కోటు గుండీ ఊడి పక్కాయన జేబులో పడింది. మర్నాడు అదే బండిలో, అదే తలుపు దగ్గర, ఆయన దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. మర్యాదగా వంగి నమస్కరించడానికి చోటు లేక కళ్ళు మాత్రం దించాడు. మేమిద్దరం పదకొండేళ్ళుగా భుజం భుజం ఆనించుకుని ప్రయాణం చేస్తున్నాం. ఆయన పేరు నాకు తెలీదు. మా ఆవిడ సయోకో పక్కన నేను అంతసేపు నిలబడి ఎన్నాళ్ళయిందో ఇక్కడ రాయడం బాగుండదు.

అసలు సంగతికి వస్తాను. బండి అయిదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, కురెహషి గేటు దగ్గర తెల్ల చేతితొడుగులు వేసుకుని స్టేషన్ ఉద్యోగి కురమోచి గారు ప్రత్యక్షమవుతారు. ఆయన చేతిలో చిన్న చిన్న చీటీల కట్ట ఉంటుంది. చీటీ చుట్టూ నిమిషాల అంకెలు. ఎంత ఆలస్యమైందో ఆ అంకె దగ్గర చిల్లు పొడిచి, బండిని తనే వెనక్కి లాగినంత సిగ్గుపడుతూ మన చేతికిస్తారు.

ఆ చీటీ ఆఫీసులో బల్లమీద పెట్టండి. ఎవరైనా నోరెత్తితే నన్నడగండి! మా డైరెక్టరు ఒనొదెరా గారంతటివారు కూడా దాన్ని రెండు చేతులా అందుకుంటారు. చీటీ లేకుండా కాలు విరిగి కుంటుతూ వచ్చినా, మీరు ఆలస్యంగా వచ్చినట్టే. చీటీ ఉంటే లోకం ఆలస్యమైంది, మీరు కాదు. ఇంతకన్నా మోక్షం ఏముంటుంది?

మొన్న జూన్ వానల్లో చీటీల కోసం క్యూ మెట్లెక్కి రెండో ప్లాట్‌ఫామ్ దాకా పోయింది. బండి ఆలస్యం పది నిమిషాలు, క్యూ ఇరవై. చిల్లు మాత్రం పది దగ్గరే.

"మరి ఈ క్యూలో పోయిన ఇరవై నిమిషాలకో?" అని నా ముందాయన అడిగాడు.

కురమోచి గారు చీటీల కట్ట పక్కన పెట్టి వంగారు. "న్యాయమేనండీ. దానికి వేరే చీటీ రాసిస్తాం. ఆ క్యూ అటు పక్క."

అందరం వెళ్ళి అటు పక్క నిలబడ్డాం. ఒక్కరూ సణగలేదు.

ఇంత గొప్ప వస్తువుని ఆఫీసుకే ఎందుకు వదిలేయాలి? ఇంట్లోనూ వాడాను. మా అమ్మాయి మిసుజు రెండో తరగతిలో ఉండగా, వాళ్ళ స్కూలు ఆటల పోటీలకి నేను వెళ్ళేసరికి పరుగు పందెం అయిపోయింది. అలవాటు కొద్దీ చీటీ తీసి, వంగి, రెండు చేతులా ఇచ్చాను. అది దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది. తరవాత ఈత పోటీకొకటి, నాటకానికొకటి. ఆ తరవాత అంటించడం మానేసింది.

ఇప్పుడు హైస్కూలు ఆఖరి ఏడు. బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తుంది. మొన్న ఆదివారం వాళ్ళ చివరి కచేరీ, కురెహషి స్టేషన్ ఎదురుగా ఉన్న హాల్లోనే. వాళ్ళ స్కూలు వంతు పది గంటల నుంచి పదీ ఇరవై దాకా.

"ఈసారి చీటీ వద్దు నాన్నా, నువ్వు రా చాలు" అంది. మాటిచ్చాను.

సయోకో ముందే వెళ్ళింది. నేనూ వేళకే బయల్దేరాను. మా ఊరి ప్లాట్‌ఫామ్ మీద గీత దగ్గర నిలబడ్డాను. బండి కనిపించింది. ఫోన్ మోగింది. ఒనొదెరా గారు! సోమవారం మీటింగుకి ఫైళ్ళ అట్టలు నీలం రంగువైతే బాగుంటుందా, బూడిద రంగువా అని.

బండెక్కి ఫోన్ మాట్లాడేంత మర్యాద తెలియనివాణ్ణి కాదు. అందుకని ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి, ఫోన్‌కి వంగి వంగి "అలాగేనండీ" అన్నాను. ఫోన్లో వంగితే అవతలివాళ్ళకి కనిపించదంటారు. నిజమే. కానీ వంగకపోతే వినిపిస్తుంది. నాలుగు బండ్లు సెకను తేడా లేకుండా వచ్చి, బయల్దేరే గుర్తుగా చిట్టి పాట ఒకటి పాడి, వెళ్ళిపోయాయి.

కురెహషిలో దిగేసరికి పదీ పద్నాలుగు. నా కాళ్ళు ఎటు వెళ్ళాయో తెలుసా? హాలు వైపు కాదు. కురమోచి గారి వైపు.

"ఒక చీటీ ఇప్పించండి."

ఆయన మొహం పాలిపోయింది. "క్షమించాలండీ. ఇవాళ ఒక్క బండీ ఆలస్యం కాలేదు."

"ఒక్క నిమిషమైనా?"

"సెకను కూడా కాలేదండీ. మీకు చాలా ఇబ్బంది కలిగించాం" అని నడుం దాకా వంగారు. నేనూ వంగాను. మళ్ళీ అడిగాను. ఆయన బండ్లు వచ్చిన వేళలు రాసే పుస్తకం కూడా తిరగేసి చూపించారు, పాపం. ఇద్దరం మర్యాదస్తులం కావడం వల్ల ఇదంతా ఆరు నిమిషాలు పట్టింది.

హాలు తలుపు తీసేసరికి చప్పట్లు కొడుతున్నారు.

"ఆఖరి పాటలో సోలో మన పిల్లదే. ఇప్పుడే అయింది. ఎక్కడున్నారండీ ఇంతసేపూ?" అంది సయోకో.

చీటీ కోసం నిలబడ్డానని చెప్పలేకపోయాను.

మిసుజు ట్రాంబోన్ పెట్టెతో బయటికొచ్చింది. నా చేతులకేసి చూసింది. ఖాళీగా ఉన్నాయి.

"రైలు లేటా నాన్నా?"

"కాదమ్మా. రైలు టైముకే వచ్చింది."

"అయితే ఈసారి నువ్వే లేటన్నమాట" అని, పెట్టె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

అందుకే అంటున్నాను, రైళ్ళు రోజూ ఆలస్యంగా నడవాలి. టైముకి వచ్చే రైలంత నిర్దయ ఇంకెక్కడా లేదు. మనం దాక్కోవడానికి చీటీ అంత చోటు కూడా మిగల్చదు.

మర్నాడు సోమవారం బండి పన్నెండు నిమిషాలు ఆలస్యమైంది. చీటీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఒనొదెరా గారు రెండు చేతులా అందుకుని, "అయ్యో, ఎంత కష్టపడ్డారండీ" అన్నారు. ఆయన కళ్ళలో నిజంగానే జాలి కనిపించింది.

అట్టల రంగు ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం ఫోన్ చేస్తానన్నారు.